కొమ్మలున్న చోట నడవండి

హెస్ట్‌నెస్,
8 మార్చి 1987

ఒరేయ్ ఎయ్‌వింద్,

నీ ఉత్తరం అందింది. "అందరం క్షేమం" అని మొదలుపెట్టి, "ఈస్టర్ సెలవులకి మారిట్‌నీ దాని స్నేహితురాలు తోనెనీ మన చెక్క ఇంటికి పంపుతున్నాను, కాస్త చూసుకో" అని ముగించావు. మధ్యలో ఎక్కడైనా "అక్కా, నీ కన్ను ఎలా ఉంది?" అన్న ముక్క ఉందేమోనని రెండుసార్లు చదివాను. ఒంటి కంటితోనే చదివాను, రెండోదానికి ఇంకా కట్టు విప్పలేదు. ఆ ముక్క లేదు.

నేను కన్ను కోయించుకోవడానికి ట్రోమ్సో ఆస్పత్రిలో పడి ఉన్న మూడు వారాల్లోనే నీకు ఆఫీసు స్నేహితుల్ని వెంటేసుకుని ఇక్కడికి రావాలని బుద్ధి పుట్టింది. వచ్చావు, సంతోషం. నిన్న మా పక్కింటి హాల్వర్ సరస్సు దాటి వెళ్ళి చూసొచ్చాడు. కాఫీ గిన్నె అడుగున బూజు పట్టింది. పొయ్యి పక్కన కట్టెల పెట్టె ఖాళీ! ఒక్క పుల్ల లేదు. ఒరేయ్, నాన్న బతికుండగా ఆ పెట్టె నింపకుండా ఆ గడప దాటిన మగాడున్నాడా? తర్వాత వచ్చేవాడు తడిసి వస్తాడో, చేతులు కొంకర్లు పోయి వస్తాడో నీకేం తెలుసు? నలభై చేపలు పట్టారని దుకాణంలో గొప్పగా చెప్పుకున్నావట. నా గుమ్మానికి ఒక్క తోక కూడా తగిలించలేదు.

సరే, పిల్లలు వస్తున్నారు కాబట్టి చెబుతున్నాను. మారిట్‌కి పందొమ్మిదేళ్ళొచ్చినా బెర్గెన్ వానలో గొడుగు పట్టుకోవడం తప్ప దానికేం తెలియదు. ఇది చదివి వినిపించు.

పొయ్యి పై అరలో వచ్చిపోయేవాళ్ళు రాసే పుస్తకం ఉంటుంది. గడప దాటే ముందు ఎక్కడికి పోతున్నారో, ఎన్నింటికి వస్తారో అందులో రాయాలి. బద్ధకించకూడదు. సాయంత్రం అందరూ ఇల్లు చేరాక దక్షిణపు గోడకి ఎర్ర దుప్పటి వేలాడదియ్యాలి, నేను వంటింటి కిటికీలోంచి దుర్భిణీతో చూస్తాను. ఎరుపు కనిపిస్తే నా మనసు కుదుటపడుతుంది. పొద్దున బయటికి పోతూ దాన్ని తీసెయ్యాలి. మునిగితే మంచు అంచుని పొడిచి పట్టుకుని పైకి రావడానికి మెడలో ఇనుప మేకుల జత వేసుకోకుండా మంచు మీద కాలు పెట్టకూడదు. జలపాతం చూడాలంటే పొద్దున్నే పోవాలి. మధ్యాహ్నం ఎండకి పైనున్న మంచు గుంజలు ఊడిపడతాయి, కింద నిలబడి ఫోటోలు తీసుకోవద్దు. గాలి మారిందంటే వెనక్కి తిరగాలి. వెనక్కి తిరిగినవాణ్ణి ఈ ఊళ్ళో ఎవరూ నవ్వరు.

ఇక సరస్సు. జనవరిలో, ఆస్పత్రికి పోకముందే, గునపంతో ఇరవై అడుగులకొక దెబ్బ కొట్టి మంచు గట్టిదనం చూసుకుంటూ దారి గుర్తుగా భూర్జ కొమ్మలు పాతాను. ఊరి నుంచి చెక్క ఇంటి దాకా ఒక వరస, అక్కణ్ణుంచి ఉత్తరపు ఒడ్డు పట్టుకుని జలపాతం దాకా ఒక వరస. ఇరవై రెండేళ్ళుగా పాతుతున్నాను, ఒక్క కుక్క కూడా మునగలేదు. కాబట్టి ఒకటే మాట: కొమ్మలున్న చోట నడవండి, లేని చోట అడుగు పెట్టకండి. ముఖ్యంగా జలపాతం నీళ్ళు సరస్సులో కలిసే చోటు, ఆ నదీముఖం. అక్కడ అడుగున ప్రవాహం మంచుని కొరికేస్తూ ఉంటుంది, పైన మాత్రం పెళ్ళికి పరిచిన దుప్పటిలా ఉంటుంది.

పెట్టె నింపమని హాల్వర్‌కి చెప్పాను. నీ వంతు కూడా వాడే మోశాడు.

నీ అక్క,
బోర్గిల్ద్


బెర్గెన్,
20 మార్చి 1987

అక్కా,

నీ ఉత్తరం చదివితే ఇంత చలిలోనూ చెమట పట్టింది. కన్ను ఎలా ఉంది? ఇదిగో, మొదటి ముక్కే అడిగాను. కట్టెల పెట్టె మా ఆఫీసు నిల్స్ నింపుతానన్నాడు, నేను నింపాడనుకున్నాను. తప్పే. బూజు కూడా తప్పే. చేపలు నీకు పక్కన పెట్టాను, దారిలో వీళ్ళు వేయించుకు తినేశారు.

నీ ఆజ్ఞలన్నీ మారిట్‌కి చదివి వినిపించాను. కొమ్మల ముక్క రెండుసార్లు చదివాను. "అత్త పోలీసు ఉద్యోగం చెయ్యాల్సింది నాన్నా" అంటూ పడీపడీ నవ్వింది. కానీ ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుంది, భయపడకు.

ఒక్క మాట అంటాను, కోపగించుకోకు. చెక్క ఇంటి నుంచి జలపాతానికి నేరుగా పోతే రెండు కిలోమీటర్లు. నీ కొమ్మల వెంట పోతే ఐదు. చుట్టూ తిప్పి తిప్పి చంపుతావు. నాన్న పోయాక ఆ సరస్సుకి నువ్వే మహారాణివైపోయావు, మంచు నీకొక్కదానికే అర్థమవుతుందన్నట్టు. నేనూ ఆ ఒడ్డునే పుట్టానే తల్లీ! మా ఆఫీసువాళ్ళకి నేనేదో కొండల్లోంచి ఊడిపడ్డ వీరుణ్ణి, నీ దగ్గరికొచ్చేసరికి ఇంకా నిక్కరేసుకున్న చంటాణ్ణే.

పిల్లలు ఏప్రిల్ పదకొండున బయల్దేరుతున్నారు. నారింజపళ్ళూ చాక్లెట్లూ నీకూ పంపుతున్నాను.

నీ తమ్ముడు,
ఎయ్‌వింద్


ట్రోమ్సో,
22 ఏప్రిల్ 1987

బోర్గిల్ద్,

ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. నిన్న మధ్యాహ్నం మారిట్ ఎడమ కాలి రెండు వేళ్ళు తీసేశారు. బొటనవేలూ దాని పక్కదీ. నువ్వు ఫోన్‌లో "కాస్త చలి పట్టింది, బాగానే ఉంది" అన్నావే, ఆ కాలే. ఫోన్‌లో నీతో మాట్లాడలేను, నోరు తెరిస్తే ఏం అంటానో నాకే తెలియదు. అందుకే రాస్తున్నాను.

అది మత్తులోంచి లేచి చెప్పిన మాటలు ఉన్నవున్నట్టు రాస్తాను. "నాన్నా, మేం పుస్తకంలో రాసే వెళ్ళాం. మేకులు కూడా వేసుకున్నాం. ఇంటి ముందు నుంచి రెండు వరసలు పోతున్నాయి, ఒకటి ఒడ్డు పక్కన, ఒకటి నేరుగా. రెండింటికీ కొమ్మలున్నాయి. కొమ్మలున్న చోట నడవమందిగా అత్త!" నేరుగా ఉన్న వరస పట్టుకున్నారు. ముందురోజు మంచు కురిసి అంతా తెల్లగా ఉంది. చివరి కొమ్మకి పది అడుగులివతల మారిట్ మునిగింది. తోనె బోర్లా పడుకుని, స్కీ కర్ర అందించి లాగింది. ఆ పిల్ల బరువెంత, యాభై కిలోలుంటుందా? లాగింది.

నదీముఖం దాకా కొమ్మలు పాతిందెవరు? నా కూతుర్ని అక్కడికి నడిపించిందెవరు? నీ ఉత్తరం నా జేబులోనే ఉంది, మారిట్ తడిసిన సంచిలోంచి తీసి ఎండబెట్టాను. సిరా చెదిరినా ఆ వాక్యం చదవడానికి వస్తోంది.

ఇంకొకటి. వాళ్ళు కుంటుకుంటూ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. నువ్వు హాల్వర్‌ని పంపింది సాయంత్రం ఏడింటికి. కాలు కట్టెలా బిగుసుకుపోయి ఐదు గంటలు ఆ పిల్ల ఏడుస్తూ కూర్చుంటే, దుర్భిణీ పట్టుకుని కిటికీలోంచి ఏం చూశావు? డాక్టరు ఏమన్నాడో తెలుసా? "మూడు గంటలు ముందు తెస్తే వేళ్ళు దక్కేవి" అన్నాడు.

నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నావు. ఇక నీతో మాటల్లేవు.

ఎయ్‌వింద్


హెస్ట్‌నెస్,
27 ఏప్రిల్ 1987

ఎయ్‌వింద్,

మాటల్లేవన్నావు. నాకున్నాయి. విను.

మారిట్ వేళ్ళ సంగతి చదివి పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేకపోయాను. అది నా మేనకోడలు. దానికి ఊలు మేజోళ్ళు ఏటా అల్లి పంపేది నేను. ఇప్పుడు ఎడమ కాలిది ఎంత కొలతకి అల్లాలిరా? నీకొక్కడికే కడుపు మండుతోందనుకోకు.

ఏం చూశానని అడిగావు. ఎర్ర దుప్పటి చూశాను. పొద్దున తొమ్మిదింటికి గోడ మీద ఎరుపు. సరే, ఇంకా లేవలేదనుకున్నాను. పన్నెండింటికి ఎరుపే. రెండింటికీ ఎరుపే. ఇవాళ ఇంట్లోనే కూర్చుని పేకాడుకుంటున్నారు కాబోలనుకుని, పుణ్యానికి వాళ్ళకోసం దుప్పి మాంసం చారు కాచాను, మర్నాడు పంపుదామని. పొద్దున బయటికి పోతూ దుప్పటి తియ్యడం మరిచారు! నేను రాసింది నవ్వుకుంటూ చదివితే ఇంతే. ఏడింటికి చూస్తే ఎరుపు లేదు. చీకటి పడే వేళ దుప్పటి ఎందుకు తీస్తారు? మళ్ళీ మంచు మీద అడుగు పెట్టడానికి హడలిపోయిన తోనెకి అప్పటికి గుర్తొచ్చి, దాన్ని పీకి, గుమ్మంలో నిలబడి ఊపుతోందని తర్వాత తెలిసింది. నేను మేజోళ్ళతోనే హాల్వర్ ఇంటికి పరిగెత్తాను. వాడు అన్నం ముందు నుంచి లేచి మంచు మీద నడిచే స్కూటర్ బండి తీశాడు. ఇరవై నిమిషాల్లో అక్కడున్నాడు. నిమ్మకు నీరెత్తిందట! అరవై నాలుగేళ్ళ ముసలిది మేజోళ్ళతో మంచులో పరిగెత్తితే ఊరంతా చూసింది.

ఇంకో సంగతి నీకెవరూ చెప్పినట్టు లేరు. రొమ్ము దాకా తడిసిన పిల్ల, బయట మైనస్ పన్నెండు. ఇల్లు చేరగానే పొయ్యి భగ్గున మండింది కాబట్టి బతికింది. ఆ పొయ్యిలో మండింది హాల్వర్ నింపిన పెట్టె. నువ్వు వదిలిన పెట్టె కాదు.

ఇక కొమ్మలు. నదీముఖానికి నేను కొమ్మ పాతానా? నేనా? అదే నిజమైతే నాన్న సమాధిలోంచి లేచొచ్చి నా చెంప పగలగొట్టేవాడు. నా వరస ఉత్తరపు ఒడ్డునే ఉంది. శనివారం హాల్వర్‌ని పంపి చూసి రమ్మన్నాను. వాడు టోపీ చేతిలో నలుపుకుంటూ వచ్చాడు. "బోర్గిల్దమ్మా, ఉన్నాయి. నేరుగా వరస ఉంది. మంచు కరిగి నాలుగే మిగిలాయి" అన్నాడు. నా మొహం చూడలేకపోయాడు. ఎవరు పాతారో నాకు తెలియదు. దేవుడి మీద ఆన, నాకు తెలియదు.

మారిట్‌కి చారు పంపలేకపోయాను. నల్ల జున్ను పంపాను, అందిందా?

బోర్గిల్ద్


బెర్గెన్,
4 మే 1987

బోర్గిల్ద్,

జున్ను అందింది. తిరిగి పంపించాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. దుప్పటి పిల్లల తప్పు, పెట్టె నా తప్పు, కొమ్మలు గాలికి మొలిచాయి. ఆ సరస్సు మీద ఇరవై రెండేళ్ళుగా కొమ్మ పాతే మనిషి ఒక్కతే. ఊళ్ళో ఏ పసిపిల్లాణ్ణి అడిగినా నీ పేరే చెబుతారు. నువ్వే గర్వంగా చెప్పుకునేదానివి కదా! జనవరిలో నీ కన్ను ఎలా ఉండేదో నాకు గుర్తుంది. క్రిస్మస్‌కి ఫోన్‌లో "పొయ్యి మీద గిన్నె రెండుగా కనిపిస్తోందిరా" అని నువ్వే అన్నావు. గిన్నె రెండుగా కనిపించిన మనిషికి ఒడ్డు మాత్రం ఒకటే కనిపించిందా? ఆ కళ్ళతో గునపం పట్టుకుని పదిమంది ప్రాణాలకి దారి గీశావు. చెయ్యలేనని ఒక్క మాట చెబితే నీ కిరీటం ఊడిపోయేదా?

మీ పోలీసాయనకి ఉత్తరం రాశాను. స్కీ సంఘానికి కూడా రాశాను. గిన్నె సంగతి, కన్ను సంగతి, అన్నీ రాశాను. ఇంకొకరి పిల్ల మునగకూడదు. నువ్వు ఆ పని మానెయ్యాలి.

మారిట్ కర్రతో నడుస్తోంది. నిన్ను తిడుతుంటే "అత్తని ఏమీ అనకు" అని ఏడుస్తుంది. దాని మంచితనం నీకు రక్ష అనుకోకు.

ఎయ్‌వింద్


హెస్ట్‌నెస్,
11 మే 1987

ఎయ్‌వింద్,

పోలీసాయన వచ్చాడు. కుర్రాడు, దక్షిణాది నుంచి కొత్తగా వచ్చాడు. చెక్క ఇంట్లో పుస్తకం పిల్ల మునిగిన మర్నాడు, గురువారం నాడే పట్టుకెళ్ళాడు, మారిట్ రాసింది చూడాలని. ఇప్పుడు నీ ఉత్తరం బల్ల మీద పెట్టి "ఇందులో ఉన్నది నిజమేనా అమ్మా?" అని అడిగాడు. గిన్నె సంగతి నిజమే అన్నాను. రాసుకున్నాడు.

మర్నాడు స్కీ సంఘం కార్యదర్శి వచ్చాడు. వాడి పెళ్ళికి కేకు చేసింది నేను. కుర్చీ అంచున కూర్చుని, "మీరు చాలా సేవ చేశారు బోర్గిల్దమ్మా. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. సూటిగా చెప్పరా అన్నాను. "గునపం సంఘం గదిలో ఉంటే మంచిదని అందరూ అనుకుంటున్నారు" అన్నాడు. నాన్న గునపం. పిడి దగ్గర నాన్న చేతులు పడీ నా చేతులు పడీ నున్నగా అరిగిన ఆ గునపం. ఇచ్చేశాను. కింద పెట్టకుండా చేతికిచ్చాను.

దుకాణంలో నన్ను చూసి మాటలు ఆపేస్తున్నారు. నిన్న ఒకావిడ పిల్లవాణ్ణి పట్టుకుని పక్కకి లాగింది, నేను ఆవిడ పేరు చెప్పను. నీకిప్పుడు తృప్తిగా ఉందా?

ఇంకొకటి కూడా చెబుతాను, నువ్వు గెలిచావని తెలుసుకో. వారం రోజులుగా జనవరి నెలంతా తలుచుకుంటున్నాను. మూడు రోజులు నడిచాను. రెండో రోజు గాలి, కంట్లోంచి ధార కట్టింది. ఆ రోజు ఎటు నడిచానో అడుగు అడుగూ గుర్తు తెచ్చుకుంటున్నాను. కొన్ని అడుగులు గుర్తుకి రావడం లేదు. నేనే పాతానేమో. ఒడ్డనుకుని నదీముఖానికే పోయానేమో. నాకే తెలియడం లేదు రా. నా చేతుల్ని నేనే నమ్మలేని దాన్ని చేశావు.

మంచు కరిగిపోయింది. ఇక చూసుకోవడానికి కొమ్మలు కూడా లేవు.

బోర్గిల్ద్


హెస్ట్‌నెస్,
23 మే 1987

ఎయ్‌వింద్,

నిన్న పోలీసాయన పుస్తకం తిరిగి ఇచ్చాడు. మారిట్ రాసిన పేజీకి కాగితం ముక్క పెట్టి ఉంచాడు. పాపం, ఆ ఒక్క పేజీయే చదివాడు. నేను బల్ల ముందు కూర్చుని, కొత్త కన్నుతో, మొదటి నుంచీ చదివాను. మారిట్ పేజీకి ముందు పేజీ ఇక్కడ దించుతున్నాను. ఒక్క అక్షరం మార్చలేదు.

"18 ఫిబ్రవరి 1987. ఆకాశం నిర్మలం, మైనస్ ఇరవై. నదీముఖం దగ్గర చేపలు విరగబడ్డాయి! మంచు అరమీటరు మందం. నిల్స్ వాళ్ళు దారి తప్పకుండా ఇంటి నుంచి చేపల గుంతల దాకా నేనే కొమ్మలు పాతాను, ముప్పై ఆరు. నాన్న లాగే! నాన్న చూస్తే ఏమనేవాడో. నలభై ఒక్క చేపలు. — ఎయ్‌వింద్."

ముప్పై ఆరు. లెక్క కూడా రాసుకున్నావు.

ఒరేయ్! ఫిబ్రవరిలో అరమీటరు ఉంటుంది, మైనస్ ఇరవైలో ఏ గుంట మీదైనా గుర్రబ్బండి పోతుంది. ఏప్రిల్ ఎండకి అడుగున నది లేచి అదంతా కొరికేస్తుందని ఆ ఒడ్డున పుట్టిన వాడివి నీకు తెలియదా? చేపలు పట్టుకున్నాక కొమ్మ పీకెయ్యాలి. పాతినవాడే పీకాలి. అది ఇక్కడ పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. కట్టెల పెట్టె నింపని వాడివి కొమ్మలేం పీకుతావులే. చేపలు సంచిలో వేసుకుని, వీరుడిలా ఫోటో దిగి, వెళ్ళిపోయావు.

తర్వాత నేను రాసిన ఉత్తరం నీ చేతికి వచ్చింది. కొమ్మలున్న చోట నడవండి! నీ కూతురికి నువ్వే చదివి వినిపించావు. రెండుసార్లు!

గుమ్మడికాయల దొంగ నేనా?

నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్ళీ చదివాను. ఒకటే అడుగుతాను, దానికి మాత్రం నిజం రాయి. మర్చిపోయావా? నిజంగా మర్చిపోయి నన్ను తిట్టావా? లేక తెలిసే నా గునపం లాక్కున్నావా?

పుస్తకం నా దగ్గరే ఉంది. ఇంకా ఎవరికీ చూపించలేదు. అడిగింది నేను, ముందు జవాబు నాకు రావాలి.

బోర్గిల్ద్


బెర్గెన్,
6 జూన్ 1987

అక్కా,

పది రోజులుగా మొదలుపెట్టి చింపేస్తున్నాను. ఇది ఐదోది. చింపను.

తెలుసు. ఆస్పత్రిలో మారిట్ "నేరుగా ఇంకో వరస ఉంది నాన్నా" అన్న నిమిషంలోనే తెలిసింది.  వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. అక్కడే కూర్చుని నీకు ఉత్తరం రాశాను. మొదటి వాక్యం రాసేటప్పుడు అబద్ధమని తెలుసు, రెండో పేజీకి వచ్చేసరికి నేను రాసింది నేనే నమ్మాను. ఎంత గట్టిగా అరిస్తే అంత నిజమవుతుందనిపించింది. గిన్నె సంగతి గుర్తొచ్చినప్పుడు సంతోషించాను అక్కా. సంతోషించాను. అది కూడా తెలుసుకో.

నీ మే పదకొండు ఉత్తరం, "నేనే పాతానేమో" అన్నావే, అది వచ్చినప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. ఇక ఎవరూ నన్ను అడగరులే అనుకున్నాను. ఇంతకన్నా నీచం ఉంటే నువ్వే పేరు పెట్టు.

ఆ కొమ్మలు ఎందుకు పాతానో చెబుతాను. సాకు కాదు. చేపల గుంతలు ఇంటి గుమ్మంలోంచే కనిపిస్తాయి, కొమ్మలక్కర్లేదు. నాన్న ఏనాడూ నా చేతికి గునపం ఇవ్వలేదు. పన్నెండేళ్ళప్పుడు అడిగితే "అక్క చూసుకుంటుంది, నువ్వు ఒడ్డున ఉండు" అన్నాడు. నువ్వూ ఆయనా తాడు కట్టుకుని పోతుంటే ఒడ్డున నిలబడి చూసేవాణ్ణి. నాన్న పోయాక నిన్నడిగాను. నువ్వూ అదే మాట అన్నావు, గుర్తుందా? "నువ్వు ఒడ్డున ఉండు." ఫిబ్రవరిలో నువ్వు లేవు. నిల్స్ వాళ్ళు చూస్తున్నారు. యాభై ఒక్కేళ్ళ వాణ్ణి, గొడ్డలి తీసుకుని కొమ్మలు నరికాను. ఒక్కొక్కటి పాతుతుంటే ఎంత గర్వంగా ఉండిందో! వెళ్ళేటప్పుడు పీకెయ్యాలని తెలుసు. బాగున్నాయి, ఉండనీ అనుకున్నాను.

పోలీసాయనకీ స్కీ సంఘానికీ నిన్న రాశాను. ఆ పేజీ నా చేతిరాతేనని, నీ మీద రాసిందంతా అబద్ధమని, అబద్ధమని తెలిసే రాశానని. మారిట్‌కి ఎదురుగా కూర్చుని చెప్పాను. అది ఏడవలేదు, అరవలేదు. "రెండుసార్లు చదివావు నాన్నా" అంది. అంతే. తోనె వాళ్ళింటికి వెళ్ళిపోయింది. అత్తకి తనే రాసుకుంటానంది.

క్షమించమని అడగడానికి మొహం లేదు.

ఎయ్‌వింద్


హెస్ట్‌నెస్,
14 జూన్ 1987

ఒరేయ్ ఎయ్‌వింద్,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో వెయ్యబోయాను. తలుపు తెరిచాను కూడా. మళ్ళీ తీసి సొరుగులో పెట్టాను. ఎందుకో అడగకు.

స్కీ సంఘం కార్యదర్శి గురువారం గునపం పట్టుకుని వచ్చాడు. "పొరపాటైపోయింది బోర్గిల్దమ్మా" అన్నాడు. గడపలోనే నిలబెట్టాను. కాఫీ ఇవ్వలేదు. ఈ ఇంట్లో గడప దాకా వచ్చిన మనిషికి కాఫీ ఇవ్వకపోవడం ఇదే మొదలు, వాడు పోయి ఊరంతా చెప్పుకుంటాడు, చెప్పుకోనీ. దుకాణంలో ఇప్పుడు అందరూ నాకు దారి ఇస్తున్నారు. అదీ నచ్చలేదు.

నీ మీద కోపం పోలేదు. పోతుందని కూడా చెప్పను. నేను మారిట్ కాలి గురించి మాట్లాడటం లేదు, అది నువ్వూ అదీ చూసుకోండి. నేను నా జనవరి అడుగులు నేనే తవ్వుకున్న ఆ వారం గురించి చెబుతున్నాను. దానికి నీ దగ్గర మందు లేదు. కాబట్టి క్షమాపణ పేరుతో ఇంకో ఉత్తరం రాయకు, చిరాకేస్తుంది.

మారిట్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఎడమ కాలి కొలత పంపింది. ఊలు తెచ్చాను. మేజోడు ముందు భాగం ఏటవాలుగా అల్లాలి, అల్లి విప్పి అల్లి విప్పి మూడోసారికి కుదిరింది.

నీ ఉత్తరంలో ఒక్క ముక్క మాత్రం నా గొంతులో ఇరుక్కుంది. ఒడ్డున ఉండు అన్నానని. అన్నాను. గుర్తుంది. నాన్న నీకు గునపం ఇవ్వకపోవడం తప్పు. ఆ తప్పుని నేను ఇరవై రెండేళ్ళు నడిపించాను, అది నా తప్పు. మహారాణి అన్నావుగా, ఆ ముక్క నిజమే. ఇది రాయడానికి నాకెంత మండుతోందో నీకు తెలియదు.

డిసెంబరు ఆఖరి వారంలో సరస్సు గట్టిపడుతుంది. సెలవు పెట్టుకుని రా. స్నేహితుల్ని తేకు. ముందు కట్టెల పెట్టె నింపు, నేను చూస్తుండగా. తర్వాత గునపం నీ చేతికిస్తాను. నువ్వు ముందు నడుస్తావు. ఇరవై అడుగులకొక దెబ్బ వేసి, చప్పుడు ఎలా ఉందో గట్టిగా పైకి చెబుతావు, బడిపిల్లాడిలా, సిగ్గుపడకుండా. నదీముఖం దగ్గరికి తీసుకెళ్ళి, ఆ మంచు ఎలా పలుకుతుందో కూడా వినిపిస్తాను. ఈస్టర్‌కి మళ్ళీ వచ్చి నువ్వు పాతిన ప్రతి కొమ్మా నువ్వే పీకుతావు.

నాన్న తాడు ఉంది. ఒక కొస నీ నడుముకి, ఇంకో కొస నా నడుముకి. నువ్వు మునిగితే లాగుతాను, పైకొచ్చాక రెండు చెంపలూ వాయిస్తాను.

మేకులు మర్చిపోకు.

నీ అక్క,
బోర్గిల్ద్